పై పళ్ళు

నా కడుపున పుట్టిన కొడుక్కి గండం ఉందని నా నోటితో నేనే ఫోనులో చెప్పాను. అదీ అబద్ధం. కన్నతల్లి చేసే పనేనా అని అడుగుతారేమో. చేశాను, అంతే. రెండువేల ఒకటో సంవత్సరం, కార్తీకం వెళ్ళి మార్గశిరం వచ్చిన రోజులు. అరకు కొండల్లో కాఫీ కోతలు జోరుగా సాగుతున్నాయి.

మా కనక అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో నర్సు. ఉద్యోగానికి వెళ్ళిన చోటే ఫల్గుణ అనే కొండ కుర్రాణ్ణి పెళ్ళి చేసుకుంది. రెండెకరాల కాఫీ తోట, ఒక ముసలి తల్లి, అదీ అతని సంసారం. ఆ కబురు తెలిసిన రోజు నా కొడుకు వరహాలరావు వీధిలో నిలబడి "నాకు సెల్లి నేదు" అన్నాడు. ఊరంతా విన్నారు. అనడం ఎంతసేపు? ఊరు విన్నాక వెనక్కి తీసుకోవడమే కష్టం. మూడేళ్ళు ఆ మాట మా గుమ్మానికి అడ్డంగా పడుంది. దాన్ని దాటడానికి వాడికి పౌరుషం, దాటించడానికి నాకు భయం.

మనవడికి ఎనిమిదో నెల వచ్చాక కనక ఉత్తరం రాసింది. 'నా సెలవు అయిపోయింది. అత్తా, ఆయనా కోతలకి వెళ్ళాలి. బాబుకి పళ్ళొస్తున్నాయి, కింద పెడితే ఏడుపు. పది రోజులు రా అమ్మా.' నేను గోనెసంచిలో వసకొమ్ము, పాత చీరల గుడ్డలు, రెండు శేర్ల బెల్లం సర్దుకున్నాను. శృంగవరపుకోట స్టేషనుకి వరహాలే సైకిలు మీద దింపాడు. ఎక్కడికని అడగలేదు. నేనూ చెప్పలేదు. వాడే వెళ్ళి టికెట్టు కొని తెచ్చి నా చేతిలో పెట్టాడు. చూస్తే అరకుకి.

* * *

వాళ్ళింటికి చేరేసరికి మా మనవడు నానమ్మ వీపున గుడ్డలో వేలాడుతున్నాడు. గడ్డం మీంచి చొంగ ధార. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి. కళ్ళ మీద పడే జుట్టుని నడినెత్తిన రబ్బరు బ్యాండుతో పిలకలా కట్టారు. వాడు బుధవారం పుట్టాడని నానమ్మ బుధు అని పిలుస్తుంది. వాళ్ళలో అంతేనట, పుట్టిన వారమో నెలో పేరు. ఆవిడ శనివారం పుట్టింది, సోని. మా కనక మాత్రం రిజిస్టరులో సాయినాథ్ అని రాయించింది. ఆ పేరుతో పిలిస్తే గుంటడు తల కూడా తిప్పడు.

వాడి నోట్లో ఒక కర్రలాంటిది ఉంది. ఏమిటా అని చూస్తే నీళ్ళు ముంచుకునే ఆనపబుర్ర. ఎండిన ఆనపకాయని కోసి గరిటెలా చేసుకుంటారు అక్కడ. దాని సన్నటి కాడని చిగుళ్ళ మధ్య పెట్టుకుని కరకర నములుతున్నాడు.

"ఛీ ఛీ! గుంటడి నోట్లో అదేటి?" అన్నాను.

"సల్లగుంటాది ఒదినా," అంది సోని. "ఊట నీళ్ళల్లో ముంచి తెచ్చినాను. సిగుళ్ళకి హాయి."

ఆవిడ నన్ను మొదటి మాటలోనే వదినా అంది. తిరిగి అలా పిలవడానికి నాకు నోరు రాలేదు. బుర్ర లాగేసుకుని కడిగి దండెం మీద పెట్టాను. ఆ తర్వాత నా విద్యలన్నీ చూపించాను. వస అరగదీసి నాకించాను. నా గాజులు నోటికిచ్చాను. తడిగుడ్డ మడిచి ఇచ్చాను. తేనె రాద్దామంటే కనక చేతిలోంచి సీసా లాక్కుంది, ఏడాది నిండకుండా తేనె కూడదట. ఏడుపు ఆగలేదు. ఎత్తుకుని తిప్పితే కాసేపు, దింపితే మళ్ళీ మొదలు. రెండో రోజు సాయంత్రానికి నా నడుం విరిగింది. మూడో రోజు పొద్దున్నే ఎవరూ చూడకుండా దండెం మీది బుర్ర తీసుకుని ఊట దగ్గరికి నడిచాను. నీళ్ళు చేతులు కొరికేంత చల్లగా ఉన్నాయి. ముంచి తెచ్చి వాడి నోటికిచ్చాను. కాడ కొరుకుతూ, గుటకలు మింగుతూ, నా మెడలో మొహం పెట్టి పడుకున్నాడు.

వెనక్కి తిరిగితే గుమ్మంలో సోని. నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు ఆవిడకి.

* * *

ఆదివారం కనకకి సెలవు. వాకిట్లో టార్పాలిన్ పరదా మీద కాఫీ కాయ ఎండుతోంది, పక్కన చాప మీద గుంటడికి నూనె రాస్తోంది. ఎదురు వాలులో వలిసె చేలు పూసి ఊరంతా పసుపు చల్లినట్టుంది.

"ఏటే ఆ జుట్టు? కళ్ళల్లో పడతన్నాది. పుట్టెంట్రుకలు తీయించకపోయేవా?" అన్నాను.

"తీయిస్తాను."

"ఎప్పుడు?"

కనక తల ఎత్తలేదు. "మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలి కదమ్మా. మొదటి కత్తెర అన్నయ్యదే కదా."

"ఆడు రాకపోతేనో?"

"జడేస్తాను," అని నవ్వింది. నవ్వింది గానీ రబ్బరు బ్యాండు రెండుసార్లు చేతిలోంచి జారిపోయింది. మూడేళ్ళలో అది అన్నమీద ఒక్క నేరం చెప్పలేదు. చెప్పినా బాగుండును.

శుక్రవారం సంతకి, గుంటణ్ణి వీపున కట్టుకున్న సోనితో కలిసి అరకు వెళ్ళాను. ఆవిడ ఉల్లిపాయలు బేరం చేస్తుంటే నేను ఎస్టీడీ బూత్‌లో దూరాను. మా ఊళ్ళో ఫోను గణపతిరావు కొట్లో ఉంది. వరహాల్ని పిలిపించమని చెప్పి, కాసేపాగి మళ్ళీ చేశాను.

"అమ్మా, ఎప్పుడొత్తన్నావు? నూర్పులు మొదలెట్టాల. నువ్వు నేక ఇల్లు సాగతాలేదు."

"గుంటడికి పళ్ళొత్తన్నాయిరా. ఎత్తుకుంటేగానీ ఊరుకోడు. ఆ నుదురూ ఆ మొండితనం అచ్చం నీ పోలికే."

"నాకెందుకు సెప్తావు అయ్యన్నీ?"

ఆ 'నాకెందుకు' వినేసరికి ఒళ్ళు మండింది. మా వరహాలు ఎద్దు కుమ్మొచ్చినా జంకడు గానీ బల్లి మీద పడితే తలస్నానం చేసి దీపం పెట్టేదాకా మంచినీళ్ళు ముట్టడు. మంచిరోజు చూడకుండా కొత్త చెప్పులు తొడగడు. వాడు ఎక్కడ మెత్తనో కన్నదాన్ని నాకు తెలీదా?

"పై పళ్ళొచ్చాయిరా వరాలూ," అన్నాను. "కిందయి రాకుండా పైవి."

పై పళ్ళు ముందొస్తే మేనమామకి గండమని మా వైపు ఎవర్నడిగినా చెబుతారు. బూత్‌లో ఎర్ర అంకెలు మారుతున్నాయి.

"నిజమేనా?"

"నా కళ్ళతో సూసినాను."

"మరేటి సెయ్యాల?" గొంతు పిల్లాడి గొంతయిపోయింది.

"నువ్వొచ్చి నూనెలో గుంటడి మొకం సూడాల. తర్వాత ఒళ్ళోకెత్తుకోవాల. దూరంగా కూకుంటే దోసం పోదు."

"వచ్చే శుక్రోరం ఒత్తాను. సాయంత్రం రైలుకే తిరిగి ఎళ్ళిపోతాను. ఆ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను, సెప్పేస్తన్నాను."

ఫోను పెట్టేసి డబ్బులు లెక్కపెట్టి ఇచ్చాను. అప్పటికి ఆ పసివాడి నోట్లో పన్నన్నదే లేదు.

* * *

ఇంటికొచ్చి కనకతో అన్నయ్య శుక్రవారం వస్తున్నాడని చెప్పాను.

"ఎందుకు?" అంది, నమ్మలేక.

"ఎందుకేటి? నిన్ను సూడ్డానికి."

"నా పేరెత్తాడా?"

"ఎత్తాడు," అన్నాను. మొదటి అబద్ధానికి రెండోది కాపలా. అది నా భుజం మీద తలపెట్టి అలా నిలబడిపోయింది. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూనే గోడలకి సున్నం కొట్టడం మొదలెట్టింది. ఫల్గుణ పుంజుని తెచ్చి గంప కింద పెట్టాడు. "అత్తా, బావగారు కారం ఎక్కువ తింటారా, తక్కువా?" అని అడిగాడు పాపం. నేను కుడితిలో పడ్డ ఎలుకలా ఉన్నాను. వరహాలు వస్తున్నది తన ప్రాణం కోసమని వీళ్ళకి తెలీదు. తెలిసిన రోజున కనక మొహం నేను చూడలేను.

రోజూ తెల్లారగానే నా చూపుడు వేలు గుంటడి నోట్లోకి వెళ్ళేది. కింద పన్ను మొలిస్తే వరహాలు నా అబద్ధం పట్టేస్తాడు. వచ్చిన కాళ్ళతోనే తిరిగిపోతాడు. పైది మొలిస్తే నా అబద్ధం నిజమవుతుంది. పట్టుబడితే పడ్డాను గానీ కింద పన్నే రావాలని పైడితల్లికి మొక్కుకున్నాను. అబద్ధమాడి మళ్ళీ దేవతకి పని చెప్పడం, నా సిగ్గు చూడండి.

మంగళవారం గుంటడికి ఒళ్ళు వెచ్చబడింది. వేలు పెట్టి చూద్దును కదా, పై చిగురు ఉబ్బి ఎర్రగా ఉంది. నా నెత్తిన పిడుగు పడింది. కనక మందు పోసి, సాయంత్రానికి తగ్గుతుందని చెప్పి డ్యూటీకి వెళ్ళింది. నేను పిల్లాణ్ణి ఎత్తుకుని ఏడుస్తూ కూచున్నాను. సోని చూసి, ఏమీ అడక్కుండా బుట్ట తీసి భుజాన వేసుకుంది.

"రా ఒదినా. తోటలో తిరిగితే ఆడు ఊరుకుంటాడు, నువ్వూ ఊరుకుంటావు."

కాఫీ మొక్కల కింద చలి ఇంకా వదల్లేదు. ఆవిడ గుంటణ్ణి వీపున కట్టుకుని రెండు చేతులా కాయ కోస్తోంది. వాడు ఆవిడ భుజం మీది గుడ్డని చప్పరిస్తున్నాడు. పక్కన నడుస్తూ జరిగింది మొత్తం కక్కేశాను. ఫోను సంగతి, గండం సంగతి, ఆ ఎర్రటి పై చిగురు సంగతి.

సోని కోత ఆపింది. తిడుతుందనుకున్నాను. బుట్ట ఊగిపోయేలా నవ్వింది.

"మా ఫల్గుణకీ పైవే ముందొచ్చినాయి ఒదినా."

"అయ్యో! మరి మేనమామ?"

"మా అన్న? ఉన్నాడు, గుండ్రాయిలాగ. సంతకొచ్చినప్పుడల్లా తాగి నా మీద అరుత్తాడు. గండం ఆడికి కాదు, నాకొచ్చింది."

నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. ఆవిడ గుడ్డ విప్పి గుంటణ్ణి నా వీపున పెట్టింది. "ఒంగు. ఇంకా. భయపడకు, పడడు," అంటూ ముడి నా రొమ్ము మీద బిగించింది. అరవయ్యేళ్ళు దగ్గరపడుతున్న దాన్ని, బిడ్డని వీపున మొయ్యడం నాకదే మొదలు. వాడి వెచ్చటి బుగ్గ నా వెన్ను మీద ఆనింది. నాలుగు వరసలు నడిచేసరికి ఏడుపు మూలుగయింది. ఇంకో నాలుగు నడిచేసరికి ఊపిరి నెమ్మదించింది. చొంగ జాకెట్టులోంచి ఒంటికి తగులుతోంది. ఆ తడి నాకెంత ఇష్టంగా ఉందో చెప్పలేను.

"పడుకున్నాడా వదినా?" అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వస్తుందని తెలిస్తే మొదటి రోజే అనేదాన్ని.

* * *

శుక్రవారం పొద్దున స్టీలు గ్లాసుతో గుంటడికి నీళ్ళు తాగిస్తుంటే టక్కుమంది. ఇంకోసారి తాకించాను. టక్. పెదవి లాగి చూశాను. కింద చిగుట్లో, బియ్యపు నూకంత తెల్లగా ఉంది. గ్లాసు పడేసి వాణ్ణి గుండెకి హత్తుకున్నాను. నా కొడుక్కి ఏం కాదు. ఆ సంతోషం ఒక్క నిమిషం. ఆ వెంటనే, ఇక పట్టుబడిపోయాననుకున్నాను. కనకకి కూడా చెప్పలేదు. సాయంత్రం రైలు దాకా గుంటడు నోరు తెరవకుండా ఉంటే చాలనుకున్నాను. పళ్ళొచ్చే పిల్లాడు నోరు మూసుకుని ఉంటాడా?

పదకొండు దాటాక వచ్చారు. ఫల్గుణ ముందు, వరహాలు పది అడుగులు వెనక. తెల్లచొక్కా జేబులో నిమ్మకాయలు ఎత్తుగా కనిపిస్తున్నాయి. మొహం పీక్కుపోయింది. వారం రోజులూ నిద్రపోలేదని చూడగానే తెలిసింది. పాపం తగులుతుందంటే ఇదే అనుకున్నాను. ఎండుతున్న కాఫీకి ఇవతలే ఆగిపోయాడు. కనక గుమ్మంలోకి వచ్చింది. మొదటి ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు వాడు కొనిచ్చిన నీలం చీర కట్టుకుంది.

"అన్నయ్యా," అంది.

"ఊఁ," అన్నాడు నేలకేసి చూస్తూ. "అమ్మా, నూనె."

నువ్వుల నూనె ఆ ఇంట్లో లేదు. సోని కంచుపళ్ళెంలో వలిసె నూనె పోసి వాకిట్లో పెట్టింది.

"ఇదేంటమ్మా?" అంది కనక.

"ముందుసారి సూత్తన్నాడు కదే. మనోళ్ళ ఆచారం," అన్నాను. అది మూడో అబద్ధం.

వరహాలు పళ్ళెం ముందు కూచున్నాడు. నేను వెనక నిలబడి గుంటణ్ణి వాడి భుజం మీంచి వంచాను. నూనెలో రెండు మొహాలూ పక్కపక్కన పడ్డాయి. ఒకే నుదురు, ఒకే ముక్కు. గుంటడు ఆ మీసాల్ని చూసి కిలకిలా నవ్వాడు. చొంగ తాడులా సాగి టప్పున నూనెలో పడింది. బొమ్మలు చెదిరిపోయాయి. అంతటితో ఊరుకోక మేనమామ చెవి పట్టుకుని గుంజాడు. వరహాలు మొహం ఇటు తిప్పాడు. తిప్పేశాక మరి మరల్చుకోలేకపోయాడు. చెయ్యి దానంతటదే లేచింది. గుంటడు ఆ వేలు పట్టుకుని నేరుగా నోట్లో పెట్టుకుని కసుక్కున కొరికాడు.

"అబ్బా!"

వేలు తియ్యలేదు. కింద చిగురు తడిమాడు. ఆగాడు. నెమ్మదిగా పై చిగురు ఈ కొస నుంచి ఆ కొసదాకా తడిమాడు. అక్కడేమీ లేదు. తల ఎత్తి నాకేసి చూశాడు. నేను తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను.

"ఏటన్నయ్యా, కొరికాడా?" అంది కనక, గుమ్మం దిగకుండానే.

వాడు ఒక్క మాటంటే చాలు, 'అమ్మ గండమని సెప్పి నన్ను రప్పించింది' అని. సున్నం కొట్టిన గోడలు, గంప కింద పుంజు, నీలం చీర, అన్నీ ఆ మాట కోసం ఎదురు చూస్తున్నట్టే ఉన్నాయి.

"కొరికాడే గుంటా," అన్నాడు వరహాలు. "పన్నొచ్చిందే నీ కొడుక్కి. కింద పన్ను. మంచిదే."

"నిజమా! నిన్నటికి లేదే!" అంటూ కనక పరుగెత్తుకొచ్చి వాడి పక్కన చతికిలబడింది. ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఆ నోట్లోకి చూస్తున్నారు. కనక కన్నీళ్ళు అన్న మోచేతి మీద పడుతున్నాయి. వాడు తుడుచుకోలేదు. గుంటణ్ణి లాగి ఒళ్ళో కూచోబెట్టుకున్నాడు. వాడి కళ్ళ మీది జుట్టు పైకి తోశాడు.

"ఇంత జుట్టు ఒగ్గేసేవేటే? పిల్లడికి కళ్ళు కనిపించొద్దా?"

వరహాలు కాసేపు ఆ పిలకతో ఆడుకున్నాడు. తర్వాత ఫల్గుణ కేసి తిరిగాడు.

"కత్తిరుందా బావా?" మంచిరోజు చూడందే చెప్పులు తొడగనివాడు, శుక్రవారమన్న మాటే ఎత్తలేదు.

సాయంత్రం రైలు లోయలో కూతేసుకుంటూ వెళ్ళిపోయింది. మేమంతా విన్నాం, ఎవరూ లేవలేదు. గుంటడు మేనమామ ఒళ్ళోనే, కొత్త గుండుతో, వాడి వేలు నములుతూ నిద్రపోయాడు. వేలు లాక్కుంటే లేస్తాడని వరహాలు రెండో చేత్తోనే అన్నం తిన్నాడు. కారం ఎక్కువే వేయించుకున్నాడు.

* * *

సోమవారం వాణ్ణి రైలెక్కించడానికి నేనొక్కదాన్నే స్టేషనుకి వెళ్ళాను. ఇద్దరం బెంచీ మీద కూచున్నాం. నా పది రోజులు ఎప్పుడో దాటిపోయాయి. ఎప్పుడొస్తావని వాడు అడగలేదు. జేబులోంచి ఆ నిమ్మకాయలు తీసి నా ఒళ్ళో పెట్టాడు.

"పులిహోరకి పనికొత్తాయి," అన్నాడు. "అమ్మా, నిజంగా పైవే వచ్చుంటే?"

"నాను బతికుండేదాన్ని కాదురా."

వాడు చూపుడు వేలు తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. గోరు కింద చిన్న ఎర్ర గాటు. దూరంగా మలుపులో రైలు కూత వినిపించింది. లేచి సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

"మూడేళ్ళయిపోనాదే," అన్నాడు నాకేసి చూడకుండా. "ముందే ఏదో ఒక అబద్దం ఆడకపోయేవా?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు ఆ టికెట్టు. ఊరి పేరు చెప్పకుండానే వాడు అరకుకి కొని నా చేతిలో పెట్టిన టికెట్టు. ఆ రోజే రెండు తెమ్మని ఉండాల్సింది.